భూరూపం నుంచి ఇంటిపేరు: ఆంగ్ల వంశనామాలు, తెలుగు ఇంటిపేర్లు – తులనాత్మక పరిశీలన (మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత గ్రామనామాల నేపథ్యంలో)

సారాంశం

ఆంగ్లంలో హిల్, వుడ్, అట్‌వెల్, అండర్‌హిల్ వంటి వంశనామాలు మనిషి నివాసం చుట్టూ ఉన్న భూరూపం నుంచి ఏర్పడ్డాయి. తెలుగులో కొండా, మర్రి, అడివి, బాయికాడి, కొండకింది వంటి ఇంటిపేర్లు అదే కోవకు చెందినవిగా కనిపిస్తాయి. అయితే తెలుగు ఇంటిపేర్లలో అధికభాగం గ్రామనామాల నుంచి వచ్చినవి. అందువల్ల భూరూపం చాలా సందర్భాల్లో గ్రామనామం ద్వారానే ఇంటిపేరులోకి చేరింది. ఈ రెండు మార్గాలూ కుటుంబచరిత్రను గురించి భిన్నమైన, చాలావరకు పరస్పర విరుద్ధమైన సమాచారాన్ని ఇస్తాయి. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత గ్రామనామాలను నేపథ్యంగా తీసుకొని ఆ భేదాన్ని వివరించడం, ఇంటిపేరును చారిత్రక ఆధారంగా వాడుకొనేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇంటిపేర్లు, వంశనామాలు, గ్రామనామాలు, నామవిజ్ఞానం, ఔపవిభక్తికం, భూరూపం, మేడ్చల్, శామీర్‌పేట.

1. ప్రవేశిక

పేరు వ్యక్తిని గుర్తిస్తుంది. ఒకే పేరు గలవారు ఒకే ఊళ్లో నలుగురు ఉన్నప్పుడు ఆ గుర్తింపు చాలదు. అప్పుడు సమాజం ఆ పేరుకు మరో మాటను చేరుస్తుంది. ఆ మాట తండ్రిని చెప్పవచ్చు, వృత్తిని చెప్పవచ్చు, శరీరలక్షణాన్ని చెప్పవచ్చు, లేదా ఉండే చోటును చెప్పవచ్చు. తరాలు మారినా ఆ మాట మారకుండా నిలిచినప్పుడు అది వంశనామం అవుతుంది. తెలుగువారు దీన్ని ఇంటిపేరు అన్నారు. వంశం, గోత్రం అనే మాటలు అందుబాటులో ఉన్నా ‘ఇల్లు’ అనే స్థలవాచకాన్నే ఎంచుకోవడం గమనింపదగినది.

తెలుగులో నామవిజ్ఞానం స్వతంత్ర అధ్యయనశాఖగా ఎదిగింది. కడప జిల్లా ఊళ్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి, నెల్లూరు జిల్లా గ్రామనామాలపై యార్లగడ్డ బాలగంగాధరరావు చేసిన పరిశోధనలు ఈ రంగంలో మార్గదర్శకాలు. గ్రామనామ పరిశోధన ఇంటిపేర్ల పరిశోధనకు కూడా పునాది. ఊరి పేరు అర్థం కానిదే ఆ ఊరి నుంచి పుట్టిన ఇంటిపేరు అర్థం కాదు.

2. ఆంగ్లంలో భూరూప వంశనామాలు

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన నాటికి అక్కడి సామాన్యులకు వంశపారంపర్యంగా వచ్చే పేర్లు లేవు. భూస్వామ్య కుటుంబాలతో మొదలైన ఈ అలవాటు క్రమంగా ఇతరులకు వ్యాపించింది. సుమారు 1400 నాటికి ఇంగ్లండులోని అధికసంఖ్యాక కుటుంబాలకు స్థిరమైన వంశనామాలు ఏర్పడ్డాయి. భూమి హక్కులు వారసులకు సంక్రమించడం, న్యాయస్థానాల లిఖితపత్రాలు, పన్నుల జాబితాలు ఈ స్థిరీకరణకు దోహదం చేశాయి. 1377, 1379, 1381 సంవత్సరాల తలపన్ను పట్టికలు ఈ మార్పును గమనించడానికి పరిశోధకులకు ముఖ్యమైన ఆధారాలు.

ఆంగ్ల వంశనామాలను సాధారణంగా నాలుగు వర్గాలుగా విభజిస్తారు: స్థలమూలకాలు, బంధుత్వమూలకాలు, వృత్తిమూలకాలు, ఉపనామమూలకాలు. స్థలమూలకాల్లో మళ్లీ రెండు శాఖలున్నాయి. లింకన్ వంటివి ఒక నిర్దిష్ట పట్టణం లేదా గ్రామం పేరు నుంచి వచ్చినవి. హిల్ (కొండ), వుడ్ (అడవి), బ్రూక్ (వాగు), మార్ష్ (చిత్తడి నేల), ఫోర్డ్ (రేవు) వంటివి నేరుగా భూరూపం నుంచి వచ్చినవి. విలియం కామ్డెన్ 1605లో ప్రచురించిన గ్రంథంలోనే వంశనామాల పుట్టుకను చర్చించాడు. పి. హెచ్. రీనీ 1958లో వెలువరించిన నిఘంటువు ఆ చర్చకు మధ్యయుగ పత్రాల నుంచి తేదీలతో కూడిన ఆధారాలను సమకూర్చింది. 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన నాలుగు సంపుటాల నిఘంటువు 45 వేలకు పైగా పేర్లను వివరించింది.

మధ్యయుగపు పత్రాల్లో భూరూప నామాలు విభక్తి వంటి ఒక పదంతో కలిసి కనిపిస్తాయి. ‘కొండ దగ్గరి జాన్’ అని చెప్పడానికి ‘జాన్ అట్టె హిల్’ అని రాశారు. ‘అట్’ అంటే దగ్గర, వద్ద. కాలక్రమంలో ‘అట్టె’ చాలా పేర్ల నుంచి జారిపోయి హిల్, వుడ్ మాత్రమే మిగిలాయి. కొన్నింట అది పేరుకు అతుక్కుపోయింది. అడవి దగ్గరివాడు అట్‌వుడ్, నీటి దగ్గరివాడు అట్‌వాటర్, బావి దగ్గరివాడు అట్‌వెల్ అయ్యారు. ‘అట్టెన్ యాష్’లోని నకారం తరువాతి మాటకు చేరి నాష్ అనే పేరు పుట్టింది; ఓక్ చెట్ల విషయంలో ఇదే విధంగా నోక్స్ ఏర్పడింది. నేడు నాష్ అనే పేరు వినేవారికి అందులో ఒక చెట్టు ఉందని తోచదు. ఆ సంగతి పాత పత్రాల వల్ల మాత్రమే తెలుస్తుంది.

3. తెలుగు ఇంటిపేరు నిర్మాణం

ఆంగ్లంలో ‘అట్టె’ చేసిన పనిని తెలుగులో ఔపవిభక్తిక రూపం చేసింది. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రచురించిన బాలవ్యాకరణంలో ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలుగా నిర్దేశించాడు. ఊరు – ఊరి, ఏరు – ఏటి, నుయ్యి – నూతి అనేవి వీటికి ఉదాహరణలు. గ్రామనామం ఇంటిపేరుగా మారేటప్పుడు ఈ సూత్రమే పనిచేస్తుంది. వేటూరు – వేటూరి, కాటూరు – కాటూరి, నండూరు – నండూరి అవుతాయి. ‘పాడు’తో ముగిసే ఊరు ‘పాటి’తో ముగిసే ఇంటిపేరును ఇస్తుంది. ‘పల్లి’ వంటి పదాలు మార్పు లేకుండానే విశేషణంగా నిలుస్తాయి. రాళ్ళపల్లి, మల్లంపల్లి ఇందుకు నిదర్శనాలు.

తెలుగు ఇంటిపేరు వ్యక్తినామానికి ముందు రావడానికి కారణాన్ని కూడా ఈ నిర్మాణంలోనే వెదకవచ్చు. తెలుగు వాక్యంలో విశేషణం విశేష్యానికి ముందుంటుంది. ‘వేటూరి ప్రభాకరశాస్త్రి’ అంటే వేటూరుకు చెందిన ప్రభాకరశాస్త్రి. ఆంగ్లంలో విభక్త్యర్థక పదంతో కూడిన పదబంధం నామం తరువాత వస్తుంది కనుక అక్కడి భూరూప నామం పేరు చివరికి చేరింది. వాక్యనిర్మాణమే పేరులోని వరుసకు దారి చూపింది.

భూరూప పదం ఒంటరిగా ఇంటిపేరైనప్పుడు మరొక మార్పు కనిపిస్తుంది. అకారాంత పదాల తుది అచ్చు తరచుగా దీర్ఘమవుతుంది. కొండ – కొండా, చింత – చింతా, తోట – తోటా ఇటువంటివి. బహువచనం ఔపవిభక్తిక రూపంలో ఉన్నప్పుడు ఈ దీర్ఘం రాదు. ‘చింతల’ అనే ఇంటిపేరు అందుకు ఉదాహరణ.

తెలంగాణలో గ్రామనామం ఇంటిపేరుగా నిలవడం ఎంత పాతదో కవుల పేర్లే చెబుతాయి. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుని పేరులో పాలకుర్తి ఉంది. 15వ శతాబ్దికి చెందిన పోతన పేరులో ఆ సమీపంలోనే ఉన్న బమ్మెర గ్రామం ఉంది. కాకతీయుల కాలపు శాసనాల్లో రేచర్ల, మల్యాల, విరియాల, చెరకు కుటుంబాలు ప్రత్యేక గుర్తింపుతో కనిపిస్తాయి. పాలంపేటలోని రామప్ప ఆలయాన్ని నిర్మించిన రేచర్ల రుద్రుని శాసనం 1213 నాటిది. ఇంగ్లండులో సామాన్యుల వంశనామాలు ఇంకా కుదురుకొంటున్న ఆ రోజుల్లోనే తెలుగునాట సామంత కుటుంబాలకు స్థిరమైన పేర్లున్నాయి.

4. బాయికాడి – అట్‌వెల్, కొండకింది – అండర్‌హిల్

గ్రామనామాలతో సంబంధం లేకుండా, ఊరి లోపలి చోటును నేరుగా చెప్పే ఇంటిపేర్లు తెలంగాణలో ఉన్నాయి. ‘బాయికాడి’ అనే ఇంటిపేరు వీటిలో స్పష్టమైనది. బాయి అంటే బావి. కాడ అంటే దగ్గర. ‘కాడ’ ఇకారాంతమై ‘కాడి’ అయింది. ఆంగ్లంలోని అట్‌వెల్‌కు ఉన్న అర్థమే దీనికీ ఉంది. అలాగే ‘కొండకింది’ అనే ఇంటిపేరు అర్థంలో ఆంగ్లపు అండర్‌హిల్‌తో సమానం. ఒక భాష నుంచి మరొక భాషకు ఇక్కడ ఏ ఎరువూ లేదు. ఒకే అవసరం రెండు సమాజాల్లో ఒకే రకమైన మాటను పుట్టించింది.

ఈ పేర్ల ప్రయోజనం ఊరి హద్దుల్లోనే నెరవేరుతుంది. ఊరికి ఒక్కటే పెద్ద బావి ఉన్నప్పుడు ‘బాయికాడివాళ్లు’ అంటే ఎవరో అందరికీ తెలుస్తుంది. ఊరు దాటితే ఆ గుర్తింపు పనిచేయదు, ఎందుకంటే బావి ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. పేరు మొదట పుట్టినప్పుడు ఆ కుటుంబం ఆ ఊరిలోనే, ఆ బావి దగ్గరే ఉండి ఉండాలి.

ప్రజాజీవితంలో ప్రసిద్ధులైనవారి ఇంటిపేర్లలోనూ భూరూపాలు, చెట్లు కనిపిస్తాయి. కొండా వెంకట రంగారెడ్డి (1890–1970), మర్రి చెన్నారెడ్డి (1919–1996), రావి నారాయణరెడ్డి (1908–1991) హైదరాబాదు పరిసర జిల్లాలకు చెందినవారు. రూపాన్ని బట్టి చూస్తే మొదటి పేరులో కొండ, రెండవదానిలో మర్రి, మూడవదానిలో రావి ఉన్నాయి. కోస్తాలో జన్మించి హైదరాబాదులో మీజాన్ పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన అడివి బాపిరాజు (1895–1952) ఇంటిపేరు ఆంగ్లంలోని వుడ్‌ను గుర్తుకు తెస్తుంది.

5. మేడ్చల్, శామీర్‌పేట: గ్రామనామాల్లో భూరూపం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం దక్కను పీఠభూమిలోని గ్రానైటు నేల. గుట్టలు, గుండ్లు, బండలు, వర్షాధారమైన చెరువులు, కుంటలు ఇక్కడి ప్రధాన భూరూపాలు. శామీర్‌పేట పెద్దచెరువు, కీసరగుట్ట ఈ ప్రాంతానికి ప్రసిద్ధమైన గుర్తులు. నీటిని గురించి, నేలను గురించి ఇక్కడి వ్యవహారంలో సూక్ష్మమైన పదజాలం ఉంది. చెరువు పెద్దది, కుంట చిన్నది. ఇసుకలో తవ్వుకొన్న నీటిగుంట చెలిమె. చెరువుకు కట్ట, తూము, మత్తడి అంగాలు. చెరువులో మునిగే భూమి శిఖం. నల్లనేల రేగడి, ఎర్రని మెట్టనేల చెల్క.

ఈ పదజాలంలో కొంత గ్రామనామాల్లోకి చేరింది. తూంకుంటలో కుంట స్పష్టం; మొదటి భాగం తూమును గుర్తుకు తెస్తుంది. మూడుచింతలపల్లిలో చింతచెట్లను లెక్కపెట్టి మరీ చెప్పారు. ఉద్దమర్రిలో మర్రి వినిపిస్తుంది. గుండ్లపోచంపల్లిలో ‘గుండ్ల’ అనే విశేషణం ఇతర పోచంపల్లుల నుంచి ఈ ఊరిని వేరుచేస్తుంది. వాటిలో ఒకటి 1951లో భూదానోద్యమం ప్రారంభమైనందువల్ల భూదాన్ పోచంపల్లిగా ప్రసిద్ధి పొందింది. ఒకే పేరున్న మనుషులను వేరుచేయడానికి ఇంటిపేరు ఎలా అవసరమైందో, ఒకే పేరున్న ఊళ్లను వేరుచేయడానికి భూరూప విశేషణం అలాగే అవసరమైంది.

దీని పక్కనే వేరొక పొర ఉంది. శామీర్‌పేట, అలియాబాద్, మునీరాబాద్ వంటి పేర్లలో పేట, ఆబాద్ అనే ఉత్తరపదాలు జనావాసాన్ని తెలుపుతాయి, భూరూపాన్ని తెలుపవు. అంటే ఒకే ప్రాంతంలో నేలను చూసి పెట్టిన పేర్లు, స్థాపకులను లేదా పాలకులను తలచి పెట్టిన పేర్లు కలిసి ఉన్నాయి. ఇంటిపేరు ఈ రెండు పొరల్లో దేని నుంచైనా రావచ్చు.

6. ఉన్నవారి పేరు, వెళ్ళినవారి పేరు

తూంకుంట గ్రామంలో నివసించేవారందరూ తూంకుంటవారే. కనుక ఆ ఊళ్లో ‘తూంకుంట’ అనే మాట ఎవరినీ ఇతరుల నుంచి వేరుచేయదు. అక్కడి కుటుంబమొకటి వేరొక ఊరికి తరలివెళ్లి స్థిరపడినప్పుడే ఆ మాటకు గుర్తించే శక్తి వస్తుంది. కొత్త ఊరివారు వారిని ‘తూంకుంటవాళ్లు’ అంటారు. తరువాతి తరాల్లో అదే ఇంటిపేరవుతుంది. గ్రామనామం నుంచి వచ్చిన ఇంటిపేరును ఆ గ్రామంలో కాక ఇతర గ్రామాల్లో వెదకవలసి ఉంటుంది. ఆంగ్లంలో లింకన్ వంటి పేర్లకు కూడా ఈ నియమమే వర్తిస్తుంది.

భూరూపాన్ని నేరుగా చెప్పే పేరు ఇందుకు విరుద్ధమైన స్థితిలో పుడుతుంది. బాయికాడి, కొండకింది వంటి పేర్లకు అర్థం ఉండాలంటే ఆ బావి, ఆ కొండ శ్రోతకు ముందే తెలిసి ఉండాలి. కాబట్టి మొదటి రకం పేరు వలసను సూచిస్తే, రెండవ రకం పేరు నివాసాన్ని సూచిస్తుంది.

ఈ భేదాన్ని పాటించకపోతే పరిశోధన ఫలితాలు తారుమారవుతాయి. ఒక మండలంలో ‘కుంట’, ‘చింతల’ వంటి మాటలు చేరిన ఇంటిపేర్లను లెక్కించి ఆ మండలంలో కుంటలు, చింతచెట్లు ఎక్కువగా ఉండేవని నిర్ణయిస్తే అది సాహసమవుతుంది. ఆ ఇంటిపేర్లు గ్రామనామమూలకాలైతే, ఆ కుంటలు, ఆ చింతలు ఆ కుటుంబాలు విడిచివచ్చిన ఊళ్లవి.

7. నిర్ధారణలో పాటించవలసిన జాగ్రత్తలు

మొదటిది, నామసామ్యం రక్తసంబంధానికి సాక్ష్యం కాదు. కొండా వెంకట రంగారెడ్డి తెలంగాణకు, కొండా వెంకటప్పయ్య (1866–1949) గుంటూరుకు చెందినవారు. వారి సామాజిక వర్గాలు కూడా వేరు. కొండలు ఎన్ని చోట్ల ఉంటే ఈ పేరు అన్ని చోట్ల స్వతంత్రంగా పుట్టే అవకాశం ఉంది. ఆంగ్లంలో హిల్ అనే పేరు అనేక ప్రాంతాల్లో విడివిడిగా ఏర్పడింది. ఇంటిపేరు ఒక్కటైనంతమాత్రాన కులాన్ని గాని, స్వస్థలాన్ని గాని ఊహించడం శాస్త్రీయం కాదు.

రెండవది, భూరూపంగా కనిపించే మాట వ్యక్తినామం కావచ్చు. కొండయ్య, కొండమ్మ వంటి పేర్లు కొండపై వెలసిన దైవాన్ని తలచి పెట్టుకొన్నవి. పూర్వీకుని పేరు నుంచి ఇంటిపేరు ఏర్పడితే అందులోని కొండ నివాసస్థలాన్ని చెప్పదు. హిల్ అనే పేరు కొన్ని సందర్భాల్లో వ్యక్తినామపు సంక్షిప్తరూపం నుంచి కూడా వచ్చిందని ఆంగ్ల నిఘంటుకారులు గుర్తించారు.

మూడవది, చెట్టుపేరు వంశచిహ్నం కావచ్చు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో చెట్లు, జంతువుల పేర్లతో ఉన్న తెలుగు ఇంటిపేర్ల పట్టికలు ఉన్నాయి. ఒకే ఇంటిపేరు గలవారి మధ్య వివాహం జరగకూడదనే నియమం చాలా వర్గాల్లో ఉంది. కొన్ని కుటుంబాలు తమ పేరులోని చెట్టును నరకవు, దాని ఫలాన్ని తినవు. అటువంటి చోట చెట్టు పెరట్లో నిలిచినది కాకపోవచ్చు. వంశానికి గుర్తుగా నిలిచినది కావచ్చు. ఆంగ్లంలోని నాష్, నోక్స్‌లకు ఈ సామాజిక పాత్ర లేదు. తెలుగు ఇంటిపేరును ఆంగ్ల వర్గీకరణలో యథాతథంగా ఇమడ్చలేకపోవడానికి ఇది ముఖ్య కారణం.

నాలుగవది, పదార్థం ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. సముద్రం అనే మాట గ్రామనామాల్లో పెద్దచెరువుకు వాడుక. అనంతపురం సమీపంలోని బుక్కరాయసముద్రం ఇందుకు ఉదాహరణ. సముద్రం చేరిన ఇంటిపేరు కడలితీరపు వాసాన్ని సూచిస్తుందని భావించరాదు.

అయిదవది, జననిరుక్తిని ఆధారంగా తీసుకొనే ముందు లిఖితసాక్ష్యం చూడాలి. మేడ్చల్ పేరును మేడిచెట్టు, చెలిమె అనే మాటలతో ముడిపెట్టే వివరణ స్థానికంగా ఉంది. కీసర పేరును కేసరితో జోడించే స్థలపురాణం ఉంది. మొదటిది భూరూపాన్ని, రెండవది పురాణకథను ఆశ్రయించింది. మొదటిది సహజంగా తోచినంతమాత్రాన నిరూపితమైనట్లు కాదు. పాత శాసనాల్లో, రికార్డుల్లో ఆ ఊరి పేరు ఏ రూపంలో ఉందో చూసిన తరువాతే దానిని స్వీకరించాలి.

8. ఆకరాలు, నేటి అవసరం

ఇంగ్లండులో తలపన్ను పట్టికలు చేసిన ఉపకారాన్ని తెలంగాణలో శాసనాలు, భూమి రికార్డులు చేయగలవు. 1954–55 నాటి ఖాస్రా పహాణీ భూయజమానుల, అనుభవదారుల పేర్లను సర్వే నంబర్ల వారీగా చూపిస్తుంది. ఇంటిపేరు, సర్వే నంబరు, గ్రామపటంలోని చెరువు, గుట్ట, బావి – ఈ మూడింటినీ కలిపి చదివితే ఒక కుటుంబం భూరూపానికి సమీపంలో ఉండేదా, వేరొక ఊరి నుంచి వచ్చిందా అనే ప్రశ్నకు కొంతవరకు సమాధానం దొరుకుతుంది. పెద్దల నుంచి సేకరించిన మౌఖిక కథనాలను దీనికి జోడించాలి.

ఈ పని ఆలస్యమయ్యేకొద్దీ కఠినమవుతుంది. అందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి, భూరూపమే మారిపోతోంది. హైదరాబాదులో మాసబ్‌ట్యాంక్ పేరులో చెరువు మిగిలింది గాని నేలపై మిగలలేదు. నగరం ఉత్తరదిశగా మేడ్చల్, శామీర్‌పేటల వైపు విస్తరిస్తున్న కొద్దీ ఇక్కడి కుంటలకు, గుట్టలకు కూడా అదే ప్రమాదం ఉంది. పేరులో ఉన్న గుర్తును నేలపై పోల్చి చూసే అవకాశం ఒక్క తరంలోనే పోవచ్చు.

రెండవ కారణం, ఇంటిపేరే కుదించుకుపోతోంది. 1978 ఆగస్టు 15న ఏర్పడిన జిల్లాకు కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. అది కె. వి. రంగారెడ్డి జిల్లాగా రాతలోకి, రంగారెడ్డి జిల్లాగా వాడుకలోకి వచ్చింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్ ప్రత్యేక జిల్లాగా విడివడే వరకు ఆ జిల్లాలోనే ఉంది. ఆ పేరులోని కొండ మొదట ఒక అక్షరమైంది, తరువాత అదీ లేకుండా పోయింది. పాఠశాల రికార్డుల్లో, ఉద్యోగ దరఖాస్తుల్లో లక్షలాది ఇంటిపేర్లు ఇలాగే పొడి అక్షరాలయ్యాయి. విదేశాల్లో స్థిరపడిన తెలుగువారి పత్రాల్లో ఇంటిపేరు ఉండవలసిన గడిలో కొందరికి కులసూచకం, కొందరికి సొంత పేరు చేరుతున్నాయి. ‘బి’ అనే అక్షరం నుంచి బాయికాడిని తిరిగి రాబట్టడం భావి పరిశోధకునికి సాధ్యం కాదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ఆంగ్లంలో ‘అట్టె’ నిర్వహించిన పాత్రను తెలుగులో ఔపవిభక్తిక రూపాలు, ‘కాడి’, ‘కింది’ వంటి పదాలు నిర్వహించాయి.

• తెలుగు ఇంటిపేర్లలోకి భూరూపం రెండు మార్గాల్లో వచ్చింది. నేరుగా వచ్చినది నివాసాన్ని, గ్రామనామం ద్వారా వచ్చినది వలసను సూచిస్తుంది.

• రూపాన్ని బట్టి మాత్రమే ఈ రెండింటినీ వేరుచేయడం అన్ని సందర్భాల్లో సాధ్యం కాదు. వ్యక్తినామం, వంశచిహ్నం, అర్థవిపరిణామం, జననిరుక్తి అనే అంశాలను కూడా పరిశీలించాలి.

• మేడ్చల్, శామీర్‌పేట వంటి నగర శివారు ప్రాంతాల్లో పూర్తి ఇంటిపేర్లను, ఊరి లోపలి స్థలనామాలను గ్రామాల వారీగా నమోదు చేయడం తక్షణ అవసరం. తెలుగు, చరిత్ర, భూగోళ శాఖల విద్యార్థులు తమ తమ గ్రామాల నుంచి ఈ సేకరణను ప్రారంభించవచ్చు. ఒక్కొక్క ఊరికి పూర్తి ఇంటిపేర్ల పట్టిక, దాని పక్కన చెరువులు, కుంటలు, గుట్టలు, బావుల పట్టిక సిద్ధమైతే తులనాత్మక అధ్యయనానికి అవసరమైన ప్రాథమిక సామగ్రి సమకూరుతుంది.